ఏళ్ల విరామం తర్వాత స్వచ్ఛంద అగ్నిమాపక దళంలో తిరిగి చేరడం: మీ అనుభవాలు చెప్పండి

బాటసారి:
యువకుడిగా ఉన్నప్పుడు కొన్నేళ్లపాటు స్వచ్ఛంద అగ్నిమాపక దళంలో పనిచేశాను. ఉద్యోగం, పిల్లల పెంపకం వల్ల మానుకుని పదేళ్లు దాటింది. దళంలో ఇప్పుడు మనుషులు చాలడం లేదని తెలిసినప్పటి నుంచి మళ్లీ వెళ్లాలనే కోరిక బలంగా ఉంది. అయితే నలభై దాటిన ఈ శరీరమూ, అప్పుడు నేర్చుకున్న పద్ధతులూ ఇప్పటి పనికి ఎంతవరకు సరిపోతాయో తెలియడం లేదు. ఇలా తిరిగి చేరినవారు మొదట ఏం చేశారో దయచేసి వివరంగా రాయండి.

నిత్యవిద్యార్థి:
బాటసారి గారూ, నేనూ విరామం తర్వాత తిరిగి చేరినవాడినే. ఇప్పుడు శిక్షణ బాధ్యత చూస్తున్నాను. తిరిగి వచ్చేవారు మరచిపోయిన విషయాల గురించే దిగులుపడతారు. నా దృష్టిలో అంతకంటే జాగ్రత్తగా చూసుకోవలసినవి బాగా గుర్తున్న విషయాలు. ముడులు వేయడం, హోస్ కలపడం కొద్ది సాధనతో చేతికి వచ్చేస్తాయి. కానీ పొగ కనిపించగానే తలుపులు, కిటికీలు తెరవాలన్న పాత అలవాటు ఇప్పుడు ప్రాణాంతకం కావచ్చు. ఇళ్ల నిండా ఫోమ్ పరుపులు, సింథటిక్ సామగ్రి చేరడంతో మంట తీరు మారిపోయింది. అమెరికాలో అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ పరిశోధకులు పాతకాలపు సామగ్రితో ఒక గదినీ, ఈనాటి సామగ్రితో మరొక గదినీ అమర్చి కాల్చి చూసినప్పుడు, ఈనాటి గది 5 నిమిషాలలోపే, గదిలోని వస్తువులన్నీ దాదాపు ఒకేసారి అంటుకునే దశకు, అంటే ఫ్లాష్‌ఓవర్‌కు చేరింది. పాత గదికి దాదాపు అరగంట పట్టింది. ఈనాటి ఇళ్లలో మంట తరచుగా గాలి చాలక మందగించి ఉంటుంది, తలుపు తీయగానే గాలి అంది ఒక్కసారిగా ఎగసిపడుతుంది. అందుకే నీరు సిద్ధమయ్యే వరకు తలుపు మూసి ఉంచడం, వీలైన చోట ముందు బయటి నుంచి నేరుధారతో వేడిని తగ్గించి ఆపైన లోపలికి వెళ్లడం నేర్పుతున్నారు. బయటి నుంచి నీరు కొడితే మంట లోపలున్నవారి మీదికి మళ్లుతుందని మనకు ఒకప్పుడు చెప్పిన మాట తర్వాతి ప్రయోగాలలో నిలవలేదు.

మేఘమాల:
పద్ధతుల కంటే ముందు గుండె సంగతి చూసుకోండి. అమెరికాలో విధి నిర్వహణలో మరణించే అగ్నిమాపక సిబ్బంది విషయంలో చాలాకాలంగా ప్రధాన కారణం మంట కాదు, ఆకస్మికంగా గుండె ఆగిపోవడం. దుస్తులు, శ్వాస పరికరం కలిపి 20 కిలోలకు పైగా బరువు మోస్తూ, వేడిలో, నిద్రలోంచి లేచిన కొద్ది నిమిషాలకే పూర్తి శక్తితో పనిచేయవలసి ఉంటుందని వైద్యుడికి స్పష్టంగా చెప్పి, శ్రమలో గుండె ఎలా ఉంటుందో చూసే పరీక్ష చేయించుకోండి. సాధనకు పరుగు ఒక్కటే సరిపోదు. బరువుతో మెట్లెక్కడం ఈ పనికి చాలా దగ్గరగా ఉంటుంది.

మరొక మాట. ఇంట్లో దాచుకున్న పాత కోటు, హెల్మెట్ వాడకండి. తయారైన 10 ఏళ్లకు రక్షణ దుస్తులను పక్కన పెట్టాలని అమెరికా ప్రమాణాలు చెబుతున్నాయి. మసి పట్టిన హెల్మెట్‌ను అనుభవానికి గుర్తుగా చూసే రోజులు పోవాలి. అగ్నిమాపక వృత్తిలో ఎదురయ్యే పదార్థాలకు గురికావడాన్ని క్యాన్సర్ కారకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ పరిశోధనా సంస్థ 2022లో నిర్ధారించింది. అక్కడికక్కడే మెడ, చేతులు తుడుచుకోవడం, దుస్తులను సంచిలో మూసి తీసుకెళ్లడం, వాటిని సొంత కారులో ఇంటికి తేకపోవడం ఇప్పుడు పనిలో భాగం.

తూరుపుగాలి:
లోపలికి వెళ్లగలిగితేనే తిరిగి చేరాలని అనుకోకండి. పంపు నడపడం, నీటి సరఫరా చూడటం, వాహనం నడపడం, రోడ్డు మీద సిబ్బందిని వాహనాల రాకపోకల నుంచి కాపాడటం వంటి పనులకు నిలకడ ఉన్న మనుషులు దొరకక ఇబ్బంది పడే దళాలు ఉన్నాయి.

వెన్నెలదారి:
నేను మానుకున్నది ఒక రోడ్డు ప్రమాదంలో చూసిన దృశ్యం వల్ల. తిరిగి చేరే ముందే ఆ విషయం దళ నాయకురాలికి చెప్పాను. అలాంటి పిలుపుకు వెళ్లివచ్చిన మరునాడు ఒక సహచరురాలితో తప్పనిసరిగా మాట్లాడాలని ఇద్దరమూ ఒప్పందం చేసుకున్నాం. శరీరం సిద్ధమైనా మనసులో పాత జ్ఞాపకాలు హఠాత్తుగా లేచే అవకాశం ఉంది కాబట్టి, ఇంట్లోవారితో కూడా ముందుగానే మాట్లాడి ఉంచండి. రాత్రి పిలుపుల భారం వారి మీద కూడా పడుతుంది.

బాటసారి:
అందరికీ కృతజ్ఞతలు. వైద్య పరీక్షతోనే మొదలుపెడతాను. నిత్యవిద్యార్థి గారూ, నా పాత శిక్షణ పత్రాలు పనికివస్తాయా? ఒకప్పుడు నా కింద నేర్చుకున్నవారే ఇప్పుడు నాయకులుగా ఉన్నారు, వారి దగ్గర ఎలా మెలగాలి?

నిత్యవిద్యార్థి:
పత్రాల చెల్లుబాటు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి దళాన్నే అడగండి. చెల్లినా సరే, నిజమైన మంటతో జరిగే శిక్షణకు కొత్తవారితో కలిసి వెళ్లండి. శ్వాస పరికరం మాస్క్ ముఖానికి సరిగ్గా అతుకుతోందో లేదో పరీక్షించుకోండి. గడ్డం ఉంటే అతకదు. లిథియం బ్యాటరీల మంటలు ఆరినట్టు కనిపించి గంటల తర్వాత మళ్లీ అంటుకుంటాయి కాబట్టి వాటి పాఠం విడిగా నేర్చుకోండి. ఇక నాయకుల విషయానికి వస్తే, సంఘటనా స్థలంలో వారి ఆదేశాన్ని వెంటనే పాటించండి. భిన్నాభిప్రాయం ఉంటే స్టేషన్‌కు తిరిగి వచ్చాక చెప్పండి. ప్రాణాపాయం కళ్లెదుట కనిపించినప్పుడు మాత్రం ఎవరు నాయకులైనా అక్కడే గట్టిగా చెప్పాలి.