ఫ్లేమింగ్ లిప్స్ బ్యాండ్ పైకి రావడానికి పదహారేళ్లు ఎందుకు పట్టింది?

పాతక్యాసెట్ అడిగిన ప్రశ్న:

అమెరికన్ సైకడెలిక్ ఇండీ రాక్ గురించి, అంటే కలలాంటి వింత ధ్వనులతో స్వతంత్ర బ్యాండ్‌లు వాయించే రాక్ సంగీతం గురించి, ఎక్కడ చదివినా ఫ్లేమింగ్ లిప్స్ పేరు తప్పకుండా కనిపిస్తుంది. నేను ఆ బ్యాండ్‌ను 2002లో వచ్చిన ‘యోషిమి బ్యాటిల్స్ ద పింక్ రోబోట్స్’ ఆల్బమ్‌తో మొదలుపెట్టి, ఒక్కో ఆల్బమ్ వెనక్కి వింటూ వెళ్లాను. 1999 నాటి ‘ద సాఫ్ట్ బులెటిన్’ వరకు దారి తెలుస్తూనే ఉంది. అక్కడి నుంచి ఇంకా వెనక్కి వెళ్లి, 1986లో వచ్చిన మొదటి పూర్తి ఆల్బమ్‌కు చేరేసరికి, ఇది అదే బ్యాండేనా అన్న అనుమానం కలిగింది. అందులో శ్రుతి నిలకడగా లేదు, గిటార్ల మోత చెవులు చిల్లులు పడేలా ఉంది, పాడుతున్న గొంతు ఆ మోతలో సగం మునిగిపోయింది.

నా సందేహం ఏమిటంటే, 1983లో మొదలైన బ్యాండ్‌కు 1999 దాకా చెప్పుకోదగ్గ పేరు రాకపోయినా, వార్నర్ బ్రదర్స్ వంటి పెద్ద రికార్డు సంస్థ దాన్ని అన్నేళ్లు ఎలా భరించింది? అసలు మలుపు ఎక్కడ వచ్చింది? 1990ల మధ్యలో రేడియోలో మోగిన ఆ ఒక్క పాటే కారణమని కొందరంటారు. ఆ మాట నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

మంద్రస్థాయి ఇచ్చిన జవాబు:

పాతక్యాసెట్ గారూ, మీ అనుమానం సబబైనదే. 1986లో పాడిన గొంతూ 2002లో పాడిన గొంతూ ఒక్కరివే అయినా, ఆ రెంటి మధ్య బ్యాండ్ కనీసం రెండుసార్లు పూర్తిగా మారిపోయింది.

మొదటి నుంచీ చెబుతాను. 1983లో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో వేన్ కోయిన్ గిటార్, మైకేల్ ఐవిన్స్ బేస్ పట్టుకోగా, వేన్ సోదరుడు మార్క్ కోయిన్ గాయకుడిగా ఈ బ్యాండ్ మొదలైంది. కొంతకాలానికి రిచర్డ్ ఇంగ్లిష్ డ్రమ్స్ దగ్గర కూర్చున్నాడు. 1984లో తమ సొంత పేరునే పెట్టి ఒక చిన్న రికార్డును తామే విడుదల చేసుకున్నారు. ఆ తరువాత మార్క్ తప్పుకోవడంతో, పాడటం వేన్ మీద పడింది. అతనిది శిక్షణ పొందిన గొంతు కాదు. పై స్థాయికి వెళ్లినప్పుడు వణుకుతుంది, అప్పుడప్పుడు అపశ్రుతి కూడా పలుకుతుంది. ఆ వణుకే తరువాతి కాలంలో ఈ బ్యాండ్ ఆనవాలుగా మారుతుందని అప్పట్లో ఎవరూ ఊహించి ఉండరు.

న్యూయార్క్ గానీ లాస్ ఏంజెలెస్ గానీ కాకుండా ఓక్లహోమాలో పుట్టడం వల్ల వీరికి ఒక మేలు జరిగిందని నా అభిప్రాయం. చుట్టూ పోల్చుకోవడానికి ఒక గుంపు లేదు, అనుకరించవలసిన స్థానిక ఫ్యాషన్ లేదు, ఖర్చులు తక్కువ. వేన్ లాంగ్ జాన్ సిల్వర్స్ అనే చేపల వేపుళ్ల రెస్టారెంటులో పదేళ్లకు పైగా వంటపని చేస్తూ సంగీతం సాగించాడు. యుక్తవయసులో ఉండగా ఆ రెస్టారెంటులో తుపాకులతో దోపిడీ జరిగిందనీ, ఆ కొద్ది నిమిషాలు తాను చనిపోబోతున్నానని నిజంగానే అనుకున్నాననీ అతను తరువాత చాలాసార్లు చెప్పాడు. అతని పాటల్లో మరణం ప్రస్తావన అంత నిబ్బరంగా, దాదాపు సంతోషంగా రావడానికి మూలం అక్కడే ఉందేమో అనిపిస్తుంది.

1990లో వచ్చిన ‘ఇన్ ఎ ప్రీస్ట్ డ్రివెన్ ఆంబులెన్స్’ మొదటి మలుపు. డేవ్ ఫ్రిడ్‌మన్ అనే యువకుడితో కలిసి, న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రెడోనియా విశ్వవిద్యాలయ స్టూడియోలో దాన్ని రికార్డు చేశారు. గిటార్ వాయించిన జోనథన్ డోనహ్యూ, రికార్డింగ్ చూసుకున్న ఫ్రిడ్‌మన్, ఇద్దరూ మెర్క్యురీ రెవ్ అనే మరో బ్యాండ్‌కు చెందినవారు. ఆ రోజుల్లోనే ఓక్లహోమాలోని నార్మన్ పట్టణంలో జరిగిన ఒక ప్రదర్శనలో వీరు బాణసంచా కాల్చి హాలును దాదాపు తగలబెట్టినంత పని చేశారట. అది చూసిన వార్నర్ ప్రతినిధి భయపడి వెళ్లిపోకుండా ఒప్పందం కుదిర్చారన్నది ఈ బ్యాండ్ గురించి తరచుగా వినిపించే కథ.

లెక్కలపుస్తకం ఇచ్చిన జవాబు:

వ్యాపారం వైపు నుంచి కొంత చేరుస్తాను. మీరు చెప్పిన ఆ రేడియో పాట 1993 జూన్‌లో వచ్చిన ‘ట్రాన్స్‌మిషన్స్ ఫ్రమ్ ద శాటిలైట్ హార్ట్’ ఆల్బమ్‌లోనిది. ఆల్బమ్ వచ్చిన వెంటనే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఏడాది దాటాక ఎం టీవీ పుణ్యమా అని ఆ పాట నెమ్మదిగా పుంజుకుని, అమెరికా పాటల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 55వ స్థానం వరకు వెళ్లింది. 1995లో బెవర్లీ హిల్స్ 90210 అనే టీవీ ధారావాహికలో ఈ బ్యాండ్ స్వయంగా కనిపించి ఆ పాట వాయించింది. ఆ యువతీయువకుల ప్రేమకథల మధ్య వీరు ఎంత పొసగకుండా ఉన్నారో చూస్తే నవ్వు ఆగదు.

అయితే ఆ ఊపు నిలవలేదు. 1995లో వచ్చిన తరువాతి ఆల్బమ్ ‘క్లౌడ్స్ టేస్ట్ మెటాలిక్’ను విమర్శకులు మెచ్చుకున్నా, కొనేవారు పెద్దగా రాలేదు. కాబట్టి ఆ ఒక్క పాటే వీరిని పైకి తెచ్చిందనే వాదన నిలవదు. నన్నడిగితే, అది వీరికి కొంత గడువు మాత్రం సంపాదించిపెట్టింది. నిర్వాణా అనే రాక్ బ్యాండ్ విజయం తరువాత పెద్ద సంస్థలన్నీ వింత బ్యాండ్‌ల కోసం వేటాడిన కాలమది. 1990ల చివరికి ఆ మోజు తీరి, అలా తీసుకున్న వాటిలో చాలా వాటిని వదిలించుకున్నారు. వీరిని ఉంచుకోవడంలో మేనేజర్ స్కాట్ బుకర్ ఓర్పుతో నడిపిన బేరసారాలకు పెద్ద పాత్ర ఉంది. ఆ బేరాల్లోకెల్లా విచిత్రమైనది ‘జైరీకా’ అనే ఆల్బమ్ గురించి జరిగినది, ఆ ఆల్బమ్ సంగతి తెలిసినవారు చెబితే బాగుంటుంది.

నాలుగుస్పీకర్లు ఇచ్చిన జవాబు:

జైరీకా పేరు వచ్చింది కాబట్టి నేను మాట్లాడక తప్పదు. అసలు మలుపు అదేనని నేను నమ్ముతాను.

1991 ప్రాంతంలో బ్యాండ్‌లో ఇద్దరు కొత్తవారు చేరారు. ఒకరు గిటార్‌తో వింత ధ్వనులు పలికించే రోనల్డ్ జోన్స్, మరొకరు డ్రమ్స్ వాయించే స్టీవెన్ డ్రోజ్డ్. 1996లో జోన్స్ వెళ్లిపోయాడు. అతని స్థానంలో మరో గిటారిస్టును వెతుక్కోవడం ఎవరైనా చేసే పని. వీరు ఆ పని చేయకుండా, గిటార్ లేకపోతే మిగిలేది ఏమిటో చూద్దామనుకున్నారు. డ్రోజ్డ్‌కు డ్రమ్స్‌తో పాటు పియానో, గిటార్, స్వరరచన అన్నీ వచ్చునన్న సంగతి ఆ ఖాళీలోనే పూర్తిగా బయటపడింది.

అదే సమయంలో వేన్ పార్కింగ్ స్థలాల్లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. దాదాపు ముప్ఫై కార్ల యజమానులకు తలా ఒక క్యాసెట్ ఇచ్చి, తాను సైగ చేయగానే అందరూ ఒకేసారి ప్లే నొక్కాలని చెప్పేవాడు. ఒక్కో క్యాసెట్‌లో ఒక్కో ధ్వని ఉండేది, అన్నీ కలిస్తేనే సంగీతం. ఆ తరువాత నలభై టేప్ రికార్డర్లను రెండు వరుసలుగా పేర్చి, ఒక వైపు వేన్, మరో వైపు డ్రోజ్డ్ నిలబడి వాద్యబృందాన్ని నడిపినట్లు నడిపారు. దీన్నంతా ఇంటికి తెచ్చే రూపమే 1997 అక్టోబరులో విడుదలైన జైరీకా. అందులో ఎనిమిది పాటలు, నాలుగు సీడీలు ఉన్నాయి. నాలుగింటినీ నాలుగు ప్లేయర్లలో ఒకేసారి మోగిస్తేనే పాట పూర్తవుతుంది. జైర్ (నేటి కాంగో) దేశంలోని అప్పటి అరాచకాన్నీ, యురేకా అన్న కేకనూ కలిపి వేన్ ఆ పేరు పెట్టాడు.

నేను దీన్ని ముగ్గురు మిత్రులతో కలిసి ఒకసారి విన్నాను. గది నాలుగు మూలలా నాలుగు పాత ప్లేయర్లు పెట్టి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి నొక్కాము. ఒకరి ప్లేయర్ సీడీని చదవడానికి అర సెకను ఆలస్యం చేసింది, దాంతో డ్రమ్ దెబ్బ ఒక మూల నుంచి మొదలై గది చుట్టూ తిరిగి వచ్చినట్లయింది. పాట సాగే కొద్దీ, ప్లేయర్ల వేగంలోని సూక్ష్మమైన తేడాల వల్ల ఆ ఎడం మెల్లగా పెరిగింది. మళ్లీ మొదటి నుంచి పెట్టాము. ఈసారి ఆలస్యం మరో మూలకు మారింది, పాట కూడా మరోలా వినిపించింది. ఏ రెండు సార్లూ ఒకేలా వినిపించకపోవడం దాని స్వభావం. నాలుగు భాగాలనూ కలిపి ఒకే ఫైలుగా చేసిన ప్రతులు దొరుకుతాయి గానీ, వాటిలో తప్పు జరిగే అవకాశమే ఉండదు, అందువల్ల రుచీ ఉండదు.

సంగీత సమీక్షల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ దీనికి పదికి సున్నా ఇచ్చింది. నాలుగు ప్లేయర్లు ఎవరింట్లో ఉంటాయన్న చిరాకు అందులో ఉంది, ఆ చిరాకు పూర్తిగా అన్యాయమైనదని నేను అనను.

పాతక్యాసెట్:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక చిన్న సందేహం మిగిలింది. సున్నా తెచ్చుకున్న ఆ ప్రయోగానికీ, రెండేళ్ల తరువాత వచ్చిన సాఫ్ట్ బులెటిన్‌కూ నిజంగా సంబంధం ఉందా? రెండోది వినడానికి ఎంతో సాఫీగా ఉంటుంది కదా.

మంద్రస్థాయి:

ఉంది, అది చాలా దగ్గరి సంబంధం. ఈ రెండు ఆల్బమ్‌ల పని కొంతకాలం పక్కపక్కనే నడిచింది. న్యూయార్క్ రాష్ట్రంలోని కసడాగాలో ఫ్రిడ్‌మన్ నెలకొల్పిన టార్‌బాక్స్ రోడ్ స్టూడియోలో, కొన్ని పాటలు ఆ నాలుగు సీడీలకూ, కొన్ని ఈ ఆల్బమ్‌కూ పంచబడ్డాయి. నాలుగు సీడీలను నింపడానికి గాయక బృందాలు, తీగ వాద్యాలు, గంటలు, కొమ్ముల వంటి ధ్వనులను పొరలు పొరలుగా పేర్చడం నేర్చుకున్నారు. ఆ పొరలనే రెండు స్పీకర్లలోకి కుదించితే సాఫ్ట్ బులెటిన్ అయింది. జైరీకా లేకుండా ఇంత నిండుదనం వచ్చేది కాదని నాలుగుస్పీకర్లు గారితో నేనూ ఏకీభవిస్తాను.

అయితే డ్రమ్స్ ధ్వనిని మరవవద్దు. అంత మృదువైన తీగల కింద డ్రోజ్డ్ డ్రమ్స్ గోడలు అదిరేలా, పగిలిన అంచులతో మోగుతాయి. సాధారణంగా ఇంజనీర్లు ధ్వని మీటరు ఎర్రగీత దాటకుండా చూసుకుంటారు, ఫ్రిడ్‌మన్ కావాలనే దాటించి, ఆ చిట్లిన ధ్వనినే ఉంచుతాడు. తరువాత 2007లో ఎం జీ ఎం టీ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌కు అతనే నిర్మాత అయ్యాడు. ఆ రెండు ఆల్బమ్‌లనూ ఒకదాని వెంట ఒకటి వింటే ఆ చేయి గుర్తుపట్టవచ్చు.

ఆ సంవత్సరాల్లో వారి మీద పడిన కష్టాలు కూడా పాటల్లోకి వచ్చాయి. వేన్ తండ్రి క్యాన్సర్‌తో మరణించాడు. మరో వాహనం నుంచి ఊడిన చక్రం వచ్చి ఐవిన్స్ కారుకు తగిలి, అతను లోపల ఇరుక్కుపోయాడు. డ్రోజ్డ్ చేయి తీసివేయవలసి వస్తుందేమో అన్నంతగా వాచింది. సాలీడు కుట్టిందని అతను మిత్రులకు చెప్పాడు గానీ, అది హెరాయిన్ సూదుల వల్ల వచ్చిందని తరువాత తానే ఒప్పుకున్నాడు. సాలీడు మాట నిజమని నమ్మి వేన్ రాసిన పాట ఆ ఆల్బమ్‌లో ఉంది. నిజం తెలిశాక అదే పాట వింటే మరో విధంగా బాధ కలుగుతుంది.

1999లో ఈ ఆల్బమ్ వచ్చినప్పుడు బ్రిటిష్ వారపత్రిక ఎన్ ఎం ఈ దాన్ని ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా ఎంచుకుంది. అంతకు ముందు ఏడాది అదే పత్రిక మెర్క్యురీ రెవ్ ఆల్బమ్‌ను ఎంచుకుంది, దాని వెనుకా ఫ్రిడ్‌మన్ ఉన్నాడు. సున్నా ఇచ్చిన పిచ్‌ఫోర్క్ ఈసారి పదికి పది ఇచ్చింది.

లెక్కలపుస్తకం:

పొగడ్తలతో పాటు వేదిక సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే జనం పెరిగింది అక్కడే. చాలా వాద్యాలు డ్రోజ్డ్ ఒక్కడే వాయించిన ఆల్బమ్‌ను ముగ్గురు మనుషులు వేదిక మీద ఎలా వాయిస్తారు? అతను డ్రమ్స్ వాయిస్తున్న దృశ్యాన్ని ముందే చిత్రీకరించి, వెనుక తెర మీద చూపిస్తూ, అతను మాత్రం ముందు కీబోర్డు, గిటార్ వాయించేవాడు. మనుషులు చాలని లోటును తెర, కృత్రిమ రక్తం, తోలుబొమ్మలు, రంగు కాగితాల వాన, బెలూన్లతో నింపారు. 2004 కోచెల్లా ఉత్సవంలో వేన్ ఒక పారదర్శకమైన పెద్ద గాలిబుడగలోకి దూరి, జనం తలల మీదుగా దొర్లుకుంటూ వెళ్లాడు.

2002 యోషిమి ఆల్బమ్‌కు జపాన్ సంగీతకారిణి యోషిమి పీ-వీ పేరు పెట్టారు, అందులో ఆమె గొంతు కూడా ఉంది. దానిలోని ఒక వాద్య రచనకు 2003లో తొలి గ్రామీ వచ్చింది. 2006 నాటికి ఆ ఆల్బమ్ అమెరికాలో గోల్డ్ స్థాయికి, అంటే ఐదు లక్షల ప్రతులకు చేరింది.

అన్నింటికన్నా నాకు నచ్చిన ఘట్టం 2009లోనిది. ఆ ఆల్బమ్‌లోని ఒక పాట ప్రజల ఓటింగ్‌లో గెలిచి, ఓక్లహోమా అధికారిక రాక్ గీతంగా ఆమోదం కోసం రాష్ట్ర శాసనసభకు వెళ్లింది. అంతకు ముందు శాసనసభ భవనంలో జరిగిన కార్యక్రమానికి ఐవిన్స్ కొడవలి, సుత్తి గుర్తున్న ఎర్ర చొక్కా వేసుకుని రావడం కొందరు సభ్యులకు కోపం తెప్పించింది. తీర్మానం ప్రతినిధుల సభలో, అవసరమైన మెజారిటీకి మూడు ఓట్లు తక్కువై వీగిపోయింది. గవర్నర్ బ్రాడ్ హెన్రీ తన ప్రత్యేక ఉత్తర్వుతో ఆ పాటకు ఆ హోదా ఇచ్చాడు. అంతకు పాతికేళ్ల ముందు అదే రాష్ట్రంలో చేపలు వేపుతూ పాట కట్టుకున్న మనిషి పాట అది.