గ్రంథపాతమా, గ్రంథపాతనమా?

శారద (మద్దిలపాలెం): పాత అచ్చు శతకాల్లో పద్యం మధ్యన చుక్కలు పెట్టి, అడుగున "గ్రంథపాతము" (మూలంలో ఇక్కడ కొంత పోయింది) అని వేస్తారు కదా. ఒక పుటలో మాత్రం "గ్రంథపాతనము" అని చదివినట్టు గుర్తు. జిరాక్సులో పుట అడుగు రాలేదు. ఆ "న" ఉన్నట్టా, లేనట్టా?

రాంబాబు (గాజువాక): ఉంటే కథే వేరండీ! పాతం తనంతట పడిపోవడం, పాతనం పడగొట్టడం. పరిష్కర్త, అంటే పాఠం సరిచూసి అచ్చుకిచ్చినవాడు, తానే కోశానని ఒప్పుకున్నాడన్నమాట. సెన్సారుకి ఇంతకన్నా నిక్కచ్చి మాట లేదు.

మాస్టారు (పెదవాల్తేరు): ఒక్క అక్షరం మీద అంత మేడ కట్టకు నాయనా. "పతనము" చేతికి అలవాటై కంపోజిటరు "న" తగిలించి ఉంటాడు. పురుగు తిన్నదో కత్తెర తిన్నదో చుక్కలున్న చోటే చెబుతుంది. తాటాకుని పురుగు తొలిస్తే బెజ్జం రెండువైపులా పడుతుంది, పక్క ఆకులకీ పాకుతుంది. కాబట్టి లోపం కొన్ని పద్యాలకోసారి మళ్లీ కనిపించాలి, మాటని సగంలో కొరకాలి. శృంగార పద్యంలోనే, ఒకే ఒక్క మాట మొదలంటా పోయిందంటే అది పురుగు పని కాదు.

శారద: చుక్కకో అక్షరం చొప్పున లెక్కేయొచ్చా మాస్టారూ?

మాస్టారు: అక్కడే బోల్తా పడతారమ్మా. చుక్కలు పంక్తి నిండడానికి పేర్చినవి. గణాలు లెక్కపెట్టు. "విశ్వదాభిరామ వినురవేమ"లో ఐదూ మూడేసి మాత్రల సూర్యగణాలే. "రామ" తీసేస్తే పోయినవి మూడు మాత్రలు. అక్కడ గలమైనా (గురువు, లఘువు) పడుతుంది, నగణమైనా (మూడు లఘువులు) పడుతుంది. అంటే రెండక్షరాలో, మూడో. "వినుర" పోతే ఆచూకీ ఇంకా దగ్గర. నాలుగో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి కాబట్టి పోయిన మాట వి, పి, బి, వె లాంటి అక్షరంతోనే మొదలవ్వాలి.

సూర్యం (భీమిలి): ఆటవెలదిలో ప్రాసయతి చెల్లుతుంది, మరిచారు! అప్పుడు మొదటి అక్షరం కాదు, రెండోది కలవాలి. అయినా చుక్కలు చిన్న సంగతి. ముద్దుపళని రాసిన శృంగార కావ్యం "రాధికాసాంత్వనము" చూడండి. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో, అంతకుముందు అచ్చులో వదిలేసిన పద్యాలు కూడా చేర్చి, వావిళ్లవారి చేత వేయించింది. 1911లో మద్రాసు పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. నిషేధం తీసింది 1947లో. ఎంత సొగసైన కవయిత్రి ముద్దుపళని! గ్రంథపాతనమంటే అదీ, గ్రంథానికి గ్రంథమే.

రాంబాబు: ఈ లెక్కన సినిమాకే నయం. సెన్సారు బోర్డు సర్టిఫికెట్ రెండో భాగంలో ఏం కోశారో రాసి ఉంటుంది. పద్యానికి ఆ పట్టీ లేదు. అందుకే ఆ "న" నాకు ముఖ్యం.

మాస్టారు: "న" సంగతి తర్వాత. శారదమ్మా, జిరాక్సులో ముందు పద్యం, వెనక పద్యం చూడు.

శారద: ముందుదానిలో ఏ లోపమూ లేదు. వెనకదానిలో రెండో పాదం చివర ఒక్క అక్షరం పోయింది, అక్కడ ఒకటే చుక్క.

రాంబాబు: అది చుక్కా, అచ్చులో పడిన మరకా?