1939–41: రూజ్వెల్ట్ ప్రసంగాల్లో యుద్ధం ఎప్పుడు మొదలైంది?

ప్రశ్న (గ్రూప్స్ అభ్యర్థి):
"1939లో అమెరికా తటస్థం, 1941లో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి, యుద్ధం." నా నోట్సులో ఇంతే ఉంది. ఆ మధ్య రెండేళ్ళూ అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ జనానికి ఏం చెప్పుకొచ్చాడు? ఫలానా ప్రసంగంతో గాలి మారింది అని చెప్పొచ్చా? కాస్త విడమరిచి చెప్పండి సార్.

జవాబు 1 (రిటైర్డ్ లెక్చరర్):
చాన్నాళ్ళు చెప్పిన పాఠం కనుక కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టు బాబూ.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి అధ్యక్షుడు విల్సన్‌ను చూడకుండా రూజ్వెల్ట్ అర్థం కాడు. 1914 ఆగస్టులో విల్సన్ అమెరికన్లను చేతల్లోనూ ఆలోచనల్లోనూ తటస్థంగా ఉండమన్నాడు. 1917 ఏప్రిల్ 2న అదే మనిషి కాంగ్రెస్‌కు వచ్చి యుద్ధం ప్రకటించమని అడిగాడు. అప్పుడు నౌకాశాఖలో సహాయ కార్యదర్శి మన రూజ్వెల్టే. అంతా దగ్గరుండి చూశాడు. అందుకే 1939 సెప్టెంబరు 3 రాత్రి రేడియోలో, దేశం తటస్థంగానే ఉంటుందంటూనే, ప్రతి అమెరికనూ మనసులో కూడా తటస్థంగా ఉండాలని అడగలేనన్నాడు. తలుపు వేశాడు గానీ గడియ పెట్టలేదు.

1940 జూన్ 10న ఇటలీ ఫ్రాన్స్ మీద యుద్ధం ప్రకటించింది. ఆరోజే వర్జీనియా విశ్వవిద్యాలయంలో స్నాతకోత్సవ ప్రసంగం. బాకు పట్టిన చెయ్యి పొరుగువాడి వీపులో పొడిచిందనే వాక్యం వద్దని విదేశాంగ శాఖ పెద్దలు తీయిస్తే, దార్లో రైల్లో మళ్ళీ చేర్చుకున్నాడు.

అక్టోబరు 30, బోస్టన్. ఎన్నికల వేడి. మీ పిల్లల్ని పరాయి యుద్ధాలకు పంపేది లేదని తల్లిదండ్రులకు మాటిచ్చాడు. పార్టీ ప్రణాళికలో "మన మీద దాడి జరిగితే తప్ప" అని ఒక షరతుంది. బోస్టన్‌లో అది మాయం! ఇదేమిటని ప్రసంగాలు రాసే సలహాదారు అడిగితే, మన మీద దాడి జరిగాక అది పరాయి యుద్ధం ఎలా అవుతుందన్నాడట. లా చదివినవాడు మరి. ఈ ముక్క చెప్తే క్లాసంతా నవ్వేది.

రెండు నెలలకు అమెరికా ప్రజాస్వామ్యానికి ఆయుధాగారం కావాలన్నాడు. 1941 మార్చి 11న, మిత్రదేశాలకు ఆయుధాలు అరువుగా ఇచ్చే లెండ్-లీజ్ చట్టమైంది. ఇవి నీ పుస్తకంలో ఉంటాయి.

నన్నడిగితే అసలు మలుపు 1941 సెప్టెంబరు 11. వారం ముందు ఐస్‌లాండ్ దగ్గర గ్రీర్ అనే అమెరికా యుద్ధనౌక (డిస్ట్రాయర్) మీద జర్మన్ జలాంతర్గామి టార్పెడోలు వదిలింది. ముందు దాడి చేసింది జర్మనీయేనని రేడియోలో చెప్పాడు. కానీ గ్రీర్ ఆ జలాంతర్గామిని గంటల తరబడి వెంటాడిన సంగతీ, బ్రిటిష్ విమానానికి దాని జాడ చెప్పిన సంగతీ, ఆ విమానం ముందే బాంబులు వేసిన సంగతీ ఎత్తలేదు. పాము పడగెత్తితే, కాటేసేదాకా ఆగి కొట్టం కదా అన్నాడు. మన రక్షణకు అవసరమైన జలాల్లోకి వస్తే ముప్పు మీదేనని జర్మనీ, ఇటలీలను హెచ్చరించాడు. అట్లాంటిక్‌లో యుద్ధం ఆ రాత్రే మొదలైంది, కాగితం మీద కాకపోయినా.

జవాబు 2:
మాస్టారూ, ఇది ఒప్పుకోను. 1941 ఆగస్టులో సైనికుల సర్వీసు పొడిగింపు ప్రతినిధుల సభలో 203–202తో గట్టెక్కింది. ఒక్క ఓటు! అక్టోబరు 31న రూబెన్ జేమ్స్ అనే అమెరికా యుద్ధనౌక జర్మన్ టార్పెడోకు మునిగి వందమంది నావికులు పోయినా ఆయన యుద్ధ ప్రకటన అడగలేదు. అడిగితే ఇచ్చేవాళ్ళు కాదు. డిసెంబరు 8న అడిగింది కూడా జపాన్ మీదే. ప్రతినిధుల సభలో ఓట్లు 388–1, ఆ ఒక్కరూ 1917లో కూడా వద్దన్న జెన్నెట్ ర్యాంకిన్. హిట్లర్ 11న తానే ప్రకటించకపోతే ఐరోపా సంగతి ఏమయ్యేదో!

జవాబు 3:
చిన్న పిడకల వేట. అదే 1939 సెప్టెంబరు 3న మన వైస్రాయ్ లిన్‌లిత్‌గో, ఇక్కడి నాయకుల్ని మాటమాత్రం అడక్కుండా, భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. మనల్ని ఒప్పించాల్సిన పనే లేదాయె. దానితో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి.

జవాబు 4 (రిటైర్డ్ లెక్చరర్):
జవాబు 2 రాసినాయనకు: ఆ 203–202 వల్లనే గ్రీర్ కథను అలా సగం చెప్పాల్సొచ్చింది. ఓట్లు చేతిలో ఉన్నవాడు డిసెంబరు 8న ప్రసంగం ఏడు నిమిషాల్లోపే ముగించాడు, చూడండి. బాబూ, నువ్వు సెప్టెంబరు 11 ప్రసంగం మొత్తం చదువు. "దాడి" అన్నప్పుడల్లా ఎవరు చేసినది చెప్పాడో, ఎవరిది వదిలేశాడో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో.