పచ్చళ్ల బ్రాండ్ పేరుకి ట్రేడ్‌మార్క్: ఏ క్లాసు, ఎంత ఫీజు?

ప్రశ్న: ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడి రెండేళ్లుగా అమ్ముతున్నాం. జీఎస్టీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత అనుమతి) ఉన్నాయి. పేరుకి అవి చాలవా? లేబుల్ మీద సున్నాలో 'ఆర్' వేసుకోవచ్చా?

జవాబు 1: చాలవండి. అవి పేరు మీద హక్కు ఇవ్వవు. ట్రేడ్‌మార్క్ కోసం సరుకుల్ని రకాలవారీగా క్లాసులుగా విడదీశారు: పచ్చళ్లు క్లాసు 29, కారప్పొడి క్లాసు 30. దరఖాస్తు (ఫారం టీఎం-ఏ) ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకి క్లాసుకి 4,500 రూపాయలు, అంటే మీకు 9,000. రిజిస్ట్రేషన్ చేతికి రాకుండా 'ఆర్' వేయడం చట్టప్రకారం నేరం. అప్పటిదాకా 'టీఎం' చాలు.

జవాబు 2: చాలామంది బోల్తాపడేది దరఖాస్తులో ఒక్క గడి దగ్గరే. రెండేళ్లుగా అమ్ముతూ కూడా 'ఇకపై వాడబోతున్నాం' అని టిక్ పెట్టేస్తారు. రేపు ఎవరైనా అదే పేరుతో వస్తే, మీ పాత వాడకాన్ని మీ దరఖాస్తే కాదంటుంది. మొదట అమ్మిన తేదీ రాసి, అఫిడవిట్‌తో పాటు పాత బిల్లులు జతచేయండి. బిల్లు మీద బ్రాండ్ పేరు కనబడాలి సుమా! 'మామిడికాయ పచ్చడి 1 కేజీ' అని మాత్రమే ఉంటే పనికిరాదు.

జవాబు 3: ఇంతకీ పేరేంటండీ? 'గుంటూరు కారప్పొడి' లాంటిదైతే, అది ఊరినీ సరుకునీ చెప్పే మాటే కాబట్టి ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9 కింద అభ్యంతరం దాదాపు ఖాయం. ట్రేడ్‌మార్క్ ఆఫీసు మీ దరఖాస్తు చూసి పంపే పరీక్షా నివేదిక అందాక నెలలోపు జవాబివ్వాలి. ఆ ఆఫీసు జర్నల్‌లో మీ పేరు ప్రకటించాక ఇతరుల అభ్యంతరాలకి 4 నెలల గడువు ఉంటుంది.