కొత్త ఇంటికీ పాత ఇంటికీ లైట్ల నియంత్రణకు ఏ పద్ధతి ఎంచుకోవాలి?

సర్పవరం వాసి: కాకినాడలో మేము కట్టుకుంటున్న ఇంటికి వచ్చే నెల స్లాబు పడుతుంది. లైట్లు ఫోనుతోనూ గోడ స్విచ్చులతోనూ నడవాలని మా కోరిక. మా అమ్మగారు ఒంటరిగా ఉంటున్న పాత పెంకుటింట్లో కూడా, ఆమె రాత్రి లేచినప్పుడు నడవలో దీపం దానంతట అదే వెలిగే ఏర్పాటు కావాలి. రెండు ఇళ్లకూ ఒకే పద్ధతి సరిపోతుందా?

తెనాలి మేడ: ముందుగా పాత ఇంట్లో ఒక బోర్డు విప్పి చూడండి. నేను చూడకుండా, స్విచ్చు వెనక బిగించి ఫోనుతో లైటు నడిపే వైఫై మాడ్యూళ్లు పదకొండు కొన్నాను. తీరా చూస్తే మా లైటు స్విచ్చుల దగ్గరికి ఫేజు (కరెంటు వచ్చే తీగ), అక్కడి నుంచి దీపానికి పోయే తీగ తప్ప, ఆ మాడ్యూళ్లు నడవడానికి కావలసిన న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే తీగ) రాలేదు. న్యూట్రల్ అక్కర్లేని రకం బిగిస్తే, అది తనకు కావలసిన కాస్త కరెంటును దీపం గుండానే లాగుతుంది కనుక, పూజగదిలో ఆర్పేసిన ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా మిణుకుమనేది. దీపం దగ్గర కెపాసిటర్ తగిలించాక గానీ అది ఆగలేదు.

ఇరవైరెండేళ్ల వైరింగ్: ఇది తెలియని వారి బాధ. ప్లగ్గు ఉన్న బోర్డులో న్యూట్రల్ ఉండి తీరుతుంది. అక్కడి నుంచి ఒక తీగ లాగడం ఐదు నిమిషాల పని, నేను ఎన్నో ఇళ్లలో చేశాను.

తెనాలి మేడ: మీవంటి అనుభవజ్ఞులే మా ఇంట్లోనూ ఆ ఐదు నిమిషాల పని చేసి వెళ్లారండీ. లైటు ఫేజు ఒక ఆర్‌సీసీబీ (పోయిన కరెంటుకూ తిరిగి వచ్చే కరెంటుకూ తేడా వస్తే సరఫరా ఆపేసే రక్షణ స్విచ్చు) నుంచి, న్యూట్రల్ వేరొక ఆర్‌సీసీబీ కింది ప్లగ్గు బోర్డు నుంచి రావడంతో, పోయిన కరెంటు అదే దారిన తిరిగి రాక, దీపం వేయగానే ఇల్లంతా చీకటయ్యేది.

ఇరవైరెండేళ్ల వైరింగ్: అదే సర్క్యూట్‌ న్యూట్రల్ తీసుకోవాలని వేరుగా చెప్పాలా? ఎవరో చేసిన తప్పును నాకు అంటగట్టకండి.

డాలస్ అల్లుడు: ఈ తగవు ఇక్కడా ఉంది. 2011 నాటి అమెరికా జాతీయ విద్యుత్ నియమావళితో, కొన్ని మినహాయింపులు పోను, స్విచ్చు పెట్టెల్లో న్యూట్రల్ ఉండాలన్న నిబంధన వచ్చింది. మా ఇల్లు అంతకు ముందుది కనుక, న్యూట్రల్ అడగని డిమ్మర్లు (వెలుగు తగ్గించే, పెంచే స్విచ్చులు) పెట్టుకున్నాను. అవి 120 వోల్టులవని మరచి ఒకటి మామగారికి కానుకగా తెచ్చి, ఆయన ఎదుటే కాల్చేశాను.

తెనాలి మేడ: డాలస్ నియమాలతో తెనాలి గోడల్లోకి తీగ రాదు కదండీ.

మణికొండ ఫ్లాటు: కొత్త ఇల్లయితే కేఎన్‌ఎక్స్ (ఇంట్లోని స్విచ్చులనూ లైట్లనూ తీగతో కలిపి, ప్రోగ్రామింగ్‌తో నడిపే పద్ధతి) వేయించండి. స్విచ్చుల మధ్య సుమారు 30 వోల్టుల సన్నని తీగ తిరుగుతుంది, ఇంటర్నెట్ లేకపోయినా పని చేస్తుంది. అయితే ప్రతి దీపం తీగా నేరుగా ప్యానెల్‌కు చేరాలి కనుక, స్లాబులో పైపులు ఇప్పుడే పెద్దవి వేయించాలి. ప్రోగ్రామింగ్ చేసినవారి దగ్గర, ఏ స్విచ్చుకు ఏ లైటో రాసి ఉండే ప్రాజెక్టు ఫైలు తీసుకోకుండా చివరి బిల్లు ఇవ్వకండి. నేను ఇచ్చేశాను. ఇప్పుడు వారు ఫోను ఎత్తరు, పడకగది స్విచ్చు నొక్కితే బాల్కనీ లైటు వెలుగుతుంది.

గుంటూరు కారం: ఖరీదైనవి సరే, కరెంటు పోయి వస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పరేం? మా ఇంట్లో రాత్రి రెండింటికి కరెంటు వచ్చి అన్ని లైట్లూ ఒకేసారి వెలిగితే, దొంగలు పడ్డారని మా అత్తగారు అరిచారు. తిరిగి వచ్చినప్పుడు ఆరి ఉండాలన్న సెట్టింగు ముందే మార్చుకోండి.

సర్పవరం వాసి: అమ్మగారి నడవ దీపం గురించి అడిగాను.

ఇరవైరెండేళ్ల వైరింగ్: దానికి ఇవేవీ అక్కర్లేదు. కదలికను పసిగట్టే సెన్సారు బల్బు హోల్డరులో పెట్టి, స్విచ్చు వేసి ఉంచండి. పిల్లి తిరిగినా వెలుగుతుంది, అంతే. కొత్త ఇంట్లో మాత్రం ఏ పద్ధతి పెట్టినా, ప్రతి బోర్డుకూ న్యూట్రల్ లాగించి, లోతైన పెట్టెలు పెట్టించండి.

తెనాలి మేడ: ఈ ఒక్క మాట ఒప్పుకుంటాను. కానీ ఆ స్విచ్చుకు టేపు అంటించండి. మా అమ్మ అయితే పడుకునే ముందు అలవాటుగా ఆర్పేస్తుంది.