‘రేడియోధార్మికతా శోధకం’ అని రాయవచ్చా?

తిరుపతి నుంచి: మా పదో తరగతి పిల్లలు వ్యోమగాముల రక్షణ మీద పటం గీస్తున్నారు. ‘రేడియేషన్ డిటెక్టర్’ అనే చోట ఒకరు ‘రేడియోధార్మికతా శోధకం’ అని రాశారు. చూడవచ్చిన ఒక పెద్దాయన, “ధార్మికతను వెతకడానికి యంత్రమెందుకు నాయనా, ఎదురుగా కొండ ఉండగా?” అన్నారు. నవ్వుకున్నాం గాని, మాట కుదరలేదని నాకూ అనిపించింది. ఏం రాయించమంటారు?

చిత్తూరు నుంచి: సార్, ఆయన నవ్వింది ఒకందుకు, మాట తప్పయింది ఇంకొకందుకు. ఇక్కడి ధార్మికత భక్తికి సంబంధించింది కాదు. కాల్చడం నిప్పు ధర్మం అంటామే, ఆ ధర్మం. మాట కట్టినవారిని తప్పుపట్టను. అయితే రేడియోధార్మికత అంటే రేడియం, యురేనియం లాంటి వాటి కేంద్రకాలు వాటంతటవే విచ్ఛిన్నమయ్యే గుణం. వ్యోమగామి ముప్పు వేరు: సూర్యుడు విసిరే ప్రోటాన్లు, సౌరకుటుంబం అవతలి నుంచి వచ్చే విశ్వకిరణాలు. 1972 ఆగస్టులో భారీ సౌర తుపాను వచ్చింది. చంద్రుడి మీదికి మనుషుల్ని తీసుకెళ్లిన అపోలో 16 ఏప్రిల్‌లోనే తిరిగొచ్చింది, అపోలో 17 డిసెంబరులో గాని బయల్దేరలేదు. తుపాను ఆ నడుమ పడింది కాబట్టి వ్యోమగాములు బతికిపోయారు. ఇలా అంతరిక్షం నుంచి వచ్చిపడేదాన్ని ‘వికిరణం’ అనాలి. పత్రికలు రెంటినీ కలిపేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

‘శోధకం’ కూడా నచ్చలేదు. ‘పసిగట్టడం’ ఉందిగా! పసి అంటే వాసన. 2012 నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వాడుతున్న టైమ్‌పిక్స్ చిప్పు చేసే పని అదే. జెనీవా దగ్గరి కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో రూపుదిద్దుకున్న ఈ చిప్పు పక్కకు సుమారు 14 మిల్లీమీటర్లు. అందులో 256 వరుసలు, వరుసకు 256 గళ్లు. కణం ఏ గళ్లను తాకిందో తెరమీద కనిపిస్తుంది. ఎలక్ట్రాను మెలికలు తిరుగుతుంది, భారీ అయాను లావుపాటి చార పెడుతుంది. ఒంట్లో వదిలే శక్తి సమానమైనా, భారీ అయాను చేసే హాని ఎక్కువ. అందుకే మోతాదు ఒక్కటే తెలిస్తే చాలదు, వచ్చిందెవరో కూడా తెలియాలి.

మరొకరు, తిరుపతి నుంచే: బాగుంది, కానీ పసిగట్టడం క్రియ. పటం మీద ‘వికిరణ పసిగట్టేది’ అని రాస్తారా? పైగా వికిరణం అనగానే పిల్లలకు వేడి పాఠం గుర్తొస్తుంది. ‘రేడియేషన్’ అనే ఉంచండి. ఎక్స్‌రే గదిలో పనిచేసే మా చెల్లెలు, మోతాదు కొలిచేదాన్ని ‘బ్యాడ్జి’ అంటుంది. అంతకు మించిన పేరు ఆమెకు అవసరం పడలేదు.

మొదట అడిగినవారు: ‘రేడియేషన్ జాడ పట్టే చిప్పు’ అని రాయించాను. పక్కన మెలిక, చార బొమ్మలు గీశారు. ‘వికిరణం’ కింద చిన్న అక్షరాల్లో ఉంది, పరీక్షలో అదే రాయాలి కదా.