కౌంటీల వారీ ఆరోగ్య వనరుల ఫైలు: జత చేస్తే 7 రాష్ట్రాలు ఎందుకు జారిపోతున్నాయి?

ప్రశ్న (ప్రజారోగ్య విద్యార్థిని, అలబామా):

పెద్దలందరికీ నమస్కారం. అమెరికాలోని ప్రతి కౌంటీలో (మన జిల్లా వంటి విభాగం) 10 వేల జనాభాకు ఎందరు ప్రైమరీ కేర్ వైద్యులు (రోగి మొదట సంప్రదించే సాధారణ వైద్యులు) ఉన్నారో లెక్కగట్టి, ఆ సంఖ్యను ఆరోగ్య బీమా లేనివారి శాతంతో పోల్చడం నా మాస్టర్స్ ప్రాజెక్టు. వైద్యుల సంఖ్య కోసం కౌంటీల వారీ ఆరోగ్య వనరుల గణాంకాలుండే ఏరియా హెల్త్ రిసోర్సెస్ ఫైల్స్ వాడమని మా ఆచార్యులు సూచించారు. 2021-22 సంచికను దించుకుని ఎక్సెల్‌లో తెరిచి, నాకు కావలసిన కొన్ని కాలమ్‌లను సీఎస్‌వీగా భద్రపరిచాను. దానిని బీమా లేనివారి శాతం దొరికే సెన్సస్ బ్యూరో వారి అమెరికన్ కమ్యూనిటీ సర్వే 2022 ఐదేళ్ల అంచనాలతో జత చేస్తే 300కు పైగా వరుసలు కలవడం లేదు. విచిత్రమేమిటంటే నేను ఉంటున్న అలబామాలోని 67 కౌంటీల్లో ఒక్కటి కూడా ఫలితంలో కనిపించడం లేదు. ఫైలులో కాలమ్‌లు వేలల్లో ఉండడం వల్ల వైద్యుల సంఖ్యకు ఏది తీసుకోవాలో కూడా నిశ్చయించుకోలేకపోతున్నాను. దయచేసి దారి చూపగలరు.

సమాధానం (ఆరోగ్య గణాంకాల రంగంలో పనిచేస్తున్న సభ్యుడు):

అమ్మా, కలవని వరుసలను రాష్ట్రాల వారీగా ఒకసారి విడదీసి చూడండి. అలబామాతో పాటు అలాస్కా, అరిజోనా, ఆర్కన్సా, కాలిఫోర్నియా, కొలరాడో, కనెక్టికట్ మాత్రమే ఉంటే దోషం డేటాలో లేదు, ఎక్సెల్‌లో ఉంది. ప్రతి కౌంటీకీ ఫిప్స్ కోడ్ అని 5 అంకెల గుర్తు ఉంటుంది; అందులో మొదటి 2 అంకెలు రాష్ట్రానివి, మిగిలిన 3 కౌంటీవి. మీ బర్మింగ్‌హామ్ ఉన్న జెఫర్సన్ కౌంటీ కోడ్ 01073. ఎక్సెల్ దానిని సంఖ్యగా భావించి ముందున్న సున్నాను మింగేసి 1073 అని రాసుకుంటుంది. రాష్ట్ర కోడ్ సున్నాతో మొదలయ్యే రాష్ట్రాలు సరిగ్గా పైన చెప్పిన ఏడే. అందుచేత ఫైలును ఎక్సెల్‌లో తెరవకుండా నేరుగా ఆర్, స్టాటా లేదా శాస్ వంటి గణాంక సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకుని, ఫిప్స్ కాలమ్‌ను సంఖ్యగా కాక అక్షరాలుగా (టెక్స్ట్‌గా) చదవమని ముందే ఆదేశించండి. ఇప్పటికే సున్నా పోయి ఉంటే కోడ్‌కు ఎడమవైపు సున్నా చేర్చి 5 అంకెలు నింపితే సరిపోతుంది.

ఇక కాలమ్‌ల విషయం. అమెరికా ఆరోగ్య శాఖ కింద ఉన్న హెచ్‌ఆర్‌ఎస్‌ఏ ఈ ఫైలును తయారు చేసి తన డేటా వెబ్‌సైటులో ఉచితంగా ఇస్తుంది. అయితే ఇందులోని అంకెలను అది స్వయంగా సేకరించదు, 50కి పైగా మూలాల నుంచి తెచ్చి కౌంటీ కోడ్ అనే ఒకే దారానికి గుచ్చుతుంది. వైద్యుల సంఖ్య అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నిర్వహించే వైద్యుల జాబితా అయిన మాస్టర్‌ఫైలు నుంచీ, ఆసుపత్రి పడకల సంఖ్య అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ వార్షిక సర్వే నుంచీ, జనాభా సెన్సస్ బ్యూరో నుంచీ వస్తాయి. కాబట్టి సంచిక మీద ఉన్న సంవత్సరాన్ని చూసి లోపలి అంకెలన్నీ ఆ సంవత్సరానివే అనుకోకూడదు. పాత సంచికల్లో కాలమ్ పేరు F అక్షరంతో మొదలై సంవత్సరపు చివరి 2 అంకెలతో ముగుస్తుంది; ఉదాహరణకు F1198413 అంటే 2013 నాటి జనాభా అంచనా. మీరు తీసుకునే వైద్యుల సంఖ్యకూ, దానిని భాగించే జనాభాకూ ఆ చివరి అంకెలు ఒకటే అయ్యేట్టు చూసుకోండి.

వైద్యుల కాలమ్‌లలో రెండు మెలికలు ఉన్నాయి. అమెరికాలో వైద్యులకు ఉండే రెండు రకాల డిగ్రీలైన ఎం.డి.లకూ డి.ఓ.లకూ (ఆస్టియోపతిక్ వైద్యులు) వేర్వేరు కాలమ్‌లు ఉంటాయి, ఇద్దరినీ కలిపినవీ ఉంటాయి. గ్రామీణ కౌంటీల్లో డి.ఓ.లను వదిలేస్తే వైద్యుల కొరత ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించే ప్రమాదం ఉంది. రెండోది రెసిడెంట్ డాక్టర్ల (ఆసుపత్రిలో ఇంకా శిక్షణ పొందుతున్న వైద్యుల) సంగతి. బోధనాసుపత్రి ఉన్న కౌంటీలో వారిని కూడా లెక్కిస్తే సంఖ్య ఉబ్బిపోతుంది. మీ జెఫర్సన్ కౌంటీయే ఇందుకు ఉదాహరణ. మీ ప్రశ్నకు తగినది ఫెడరల్ ఉద్యోగులు కాకుండా రోగులను చూస్తున్న ప్రైమరీ కేర్ వైద్యుల కాలమ్, అందులోనూ ఆసుపత్రి రెసిడెంట్లను మినహాయించినది. ఫైలుతో పాటు వచ్చే ఎక్సెల్ వివరణ పత్రంలో ఈ మాటలతోనే వెతకండి. నేను మొదటిసారి ఈ ఫైలు పట్టుకున్నప్పుడు ఆ పత్రాన్ని పక్కన పెట్టి కాలమ్ పేర్లతోనే నెట్టుకొద్దామని రెండు వారాలు పాడుచేసుకున్నాను.

విద్యార్థిని:

మీరు చెప్పినట్టే చేశాను, ఆరు రాష్ట్రాలు దాదాపు పూర్తిగా కలిశాయి. కనెక్టికట్ మాత్రం ఒక్క వరుస కూడా కలవలేదు. కోడ్‌కు సున్నా ఉంది, 5 అంకెలూ ఉన్నాయి.

మరొక సభ్యురాలు (హైదరాబాద్):

ఇది సున్నా సమస్య కాదు, జిల్లాల పునర్విభజన వంటి సమస్య. మన తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31గానూ, 2019లో 33గానూ మారినప్పుడు పాత జిల్లాల అంకెలను కొత్తవాటితో కలపలేక మేము పడిన అవస్థే ఇక్కడా ఉంది. కనెక్టికట్‌లో 8 కౌంటీలకు పాలనా వ్యవస్థ 1960లోనే రద్దయినా గణాంకాల్లో మాత్రం అవి కొనసాగాయి. 2022 నుంచి సెన్సస్ బ్యూరో వాటి స్థానంలో 9 ప్రణాళికా ప్రాంతాలను కౌంటీలతో సమానంగా తీసుకుంది. పాత కోడ్‌లు 09001 నుంచి 09015 వరకు, కొత్తవి 09110 నుంచి 09190 వరకు. మీ వైద్యుల ఫైలు పాత హద్దుల మీదా, సర్వే కొత్త హద్దుల మీదా ఉన్నాయి. పాత కౌంటీ అయినా కొత్త ప్రాంతం అయినా పూర్తి టౌన్‌లతోనే (కౌంటీ కంటే చిన్న స్థానిక విభాగాలు) ఏర్పడింది, రాష్ట్రంలో టౌన్‌లు 169. సర్వే అంచనాలు టౌన్ స్థాయిలోనూ దొరుకుతాయి కనుక వాటిని పాత కౌంటీలుగా కూడుకోండి. అయితే శాతాలను కూడకండి, సగటు కూడా తీయకండి. బీమా లేనివారి సంఖ్యనూ మొత్తం జనాభానూ విడివిడిగా కూడి ఆ తరువాత భాగించండి. ఇంకా పాత సంవత్సరాలకు వెళ్లేట్టయితే దక్షిణ డకోటాలో షానన్ కౌంటీ 2015లో ఓగ్లాలా లకోటాగా పేరు మారి, కోడ్ 46113 నుంచి 46102 అయిన సంగతి కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న (వైద్యుడు, జె-1 వీసా):

చర్చకు కొంచెం పక్కదే అయినా అడుగుతున్నాను. శిక్షణ ముగిశాక రెండేళ్లు స్వదేశానికి వెళ్లాలన్న జె-1 వీసా నిబంధన నుంచి మినహాయింపు కోసం వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి కదా. ఆ కౌంటీలను ఈ ఫైలు చూసి ఎంచుకోవచ్చా?

సమాధానం (మొదటి సభ్యుడు):

డాక్టరు గారూ, మొదటి వడపోతకు పనికివస్తుంది, నిర్ణయానికి పనికిరాదు. కొరత ప్రాంతాల కాలమ్‌లో 0 ఉంటే గుర్తింపు లేదనీ, 1 ఉంటే కౌంటీ మొత్తం గుర్తింపు పొందిందనీ, 2 ఉంటే కౌంటీలో కొంత భాగం మాత్రమే పొందిందనీ అర్థం. ఆ 2 దగ్గరే చాలామంది పొరబడతారు: మీకు ఉద్యోగమిచ్చే క్లినిక్ ఆ భాగంలో ఉందో లేదో ఈ ఫైలు చెప్పదు. పైగా గుర్తింపులు మారుతుంటాయి, ఫైలులో ఉన్నది గడిచిన ఒక తేదీ నాటి స్థితి. హెచ్‌ఆర్‌ఎస్‌ఏ సైటులోనే చిరునామా ఇచ్చి ప్రస్తుత గుర్తింపును చూసుకునే సాధనం ఉంది, క్లినిక్ చిరునామాతో అందులో చూడండి. ఈ మినహాయింపుకు రాష్ట్రాలు సిఫారసు చేసే కాన్రాడ్ 30 పథకం కింద ప్రతి రాష్ట్రానికీ ఏడాదికి 30 స్థానాలే ఉంటాయి. దరఖాస్తు గడువూ నిబంధనలూ రాష్ట్రాన్ని బట్టి మారతాయి కనుక ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖను నేరుగా సంప్రదించండి.

విద్యార్థినికి మరొక మాట. రేటు లెక్కగట్టాక చిన్న కౌంటీలను విడిగా చూడండి. టెక్సస్‌లోని లవింగ్ కౌంటీ జనాభా 2020 సెన్సస్‌లో 64 మాత్రమే. అక్కడ ఒక్క వైద్యుడు నమోదైతే 10 వేలకు 156 మంది అవుతారు, లేకపోతే సున్నా. వైద్యుడి నమోదు చిరునామా ఎప్పుడూ క్లినిక్‌దే కానక్కరలేదు, ఇంటిది కూడా కావచ్చు.

విద్యార్థిని:

కనెక్టికట్ టౌన్‌లను కూడాక 8 కౌంటీలూ కలిశాయి. ఇప్పుడు జత కానివి అలాస్కాలో మూడే వరుసలు: వైద్యుల ఫైలులో 02261, సర్వేలో 02063, 02066.

సమాధానం (హైదరాబాద్ సభ్యురాలు):

అది వాల్డెజ్-కార్డోవా. 2019లో దానిని చుగాచ్, కాపర్ రివర్ అని రెండుగా విడదీశారు. సర్వేలోని ఆ రెండింటి సంఖ్యలను కూడి 02261 కింద రాసుకోండి, మీ వరుసలు సరిపోతాయి.